మా ఇంటి ఉపదేశికి ఒక పత్రం ఇప్పించండి

విజయవాడ కతోలిక మేత్రాసన పీఠాధిపతులు, మహాపూజ్య మేత్రాణుల వారికి,

కంకిపాడు నుంచి ఒక కతోలిక ఇల్లాలు నమస్కరించి వ్రాయు విశేషములు.

ఈ ఉత్తరం కవర్లో పెట్టి తమరి నివాసానికి పంపొచ్చు. గుణదల ఉత్సవాల్లో తమరు కొండ దిగేటప్పుడు చేతికే ఇవ్వొచ్చు. కానీ ఇందులో ఉన్న సంగతి నా ఒక్కదానిది కాదు. పెనమలూరు నుంచి ఉయ్యూరు దాకా బందరు రోడ్డు పొడవునా, ఆదివారం పొద్దున్నే తలంటు పోసుకుని, కొంగు తలమీదికి లాక్కుని గుడికి పోయే ఆడవాళ్లందరిదీ. అందుకని నలుగురూ చదివే చోట రాస్తున్నాను.

అడిగేది ఒక్కటే. ఇళ్లలో పిల్లలకి విశ్వాసం నేర్పుతున్న భార్యల్ని, తల్లుల్ని ఎంచి, వాళ్లకి చదువు చెప్పించి, గుడిలో అందరి ముందూ నిలబెట్టి, ఈమె ఈ ఊరికి ఉపదేశి అని తమరి సంతకంతో ఒక పత్రం ఇప్పించండి. ఇది నా సొంత ఊహేమీ కాదు. 2021 జనవరిలో ఫ్రాన్సిస్ పోపు గారు సభా చట్టంలో 230వ నిబంధన మార్చి, పూజలో పఠనాలు చదివే పరిచర్యనీ, పీఠం దగ్గర సాయం చేసే పరిచర్యనీ ఆడవాళ్లకి కూడా అధికారికంగా ఇవ్వొచ్చన్నారు. అదే ఏడాది మే 10న ఉపదేశి పనిని సభలో ఒక స్థిరమైన పరిచర్యగా ఏర్పాటు చేశారు, ఆడా మగా తేడా లేకుండా. 2022 జనవరి 23న రోములో పునీత పేతురు గారి దేవాలయంలో తన చేతుల మీదుగానే స్త్రీలకి పఠన పరిచర్యనీ, ఉపదేశి పరిచర్యనీ అప్పగించారు. ఎవరిని ఎంచాలి, ఏం నేర్పాలి అన్నది మాత్రం ఆయా దేశాల మేత్రాణులకి వదిలారు. అంటే మా సంగతి తమరి చేతిలో ఉంది.

నా గురించి రెండు ముక్కలు. మా ఆయన కౌలు రైతు. నేను ఇంట్లో మిషను కుడతాను, ఆదివారం పూజ అయ్యాక పిల్లలకి సత్యోపదేశం చెబుతాను. అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాడు, అమ్మాయి పీజీ చదువుతోంది. ఇంతకన్నా చెప్పుకోవలసింది లేదు. చెప్పుకోవలసింది మా పని గురించి.

మా ఏడాదికి రెండు పంచాంగాలు. ఒకటి గుడిలో ఇచ్చిన క్యాలెండరు, రెండోది బందరు కాలువ. బ్యారేజీ దగ్గర నీళ్లొదిలారంటే నాట్లు మొదలు. నాట్లంటే ఆదివారమని ఆగవు, కూలికి పోయే ఆడవాళ్లకి పొద్దుటి పూజ దక్కదు. ఆగస్టు 15న బళ్లో జెండా, గుళ్లో దేవమాత మోక్షారోపణ పండుగ. ఒకే తెల్ల చొక్కాని ఇస్త్రీ చేసి రెండింటికీ పంపాలి. అక్టోబరంతా జపమాల, రోజుకొక ఇంట్లో. మన వంతు వచ్చిన రోజున పదిమందికి టీ, కారప్పూస. నవంబరు 2న సమాధులకి సున్నం, పూలు, కొవ్వొత్తులు. అదయ్యేసరికి కోతలు. కోత మిషన్లు వచ్చాక కోయడం పూటలో అయిపోతోంది గానీ, ధాన్యం ఆరబెట్టి, మబ్బు పట్టినప్పుడల్లా పరుగెత్తి పట్టాలు కప్పేది మేమే. ఆగమన కాలంలో ఫాదర్ గారు ‘మెలకువగా ఉండండి’ అని ప్రసంగించినప్పుడు మాలో నవ్వుకోని ఆడది ఉండదు. మెలకువగానే ఉన్నాం ఫాదర్ గారూ, రోడ్డు మీద ధాన్యం రాశి పక్కన.

జనవరిలో లోకమంతా సంక్రాంతి అరిసెల్లో ఉంటే మేం పెద్ద అవుటపల్లిలో మా ప్రాంతపు పుణ్యపురుషుడు తంబి గారి ఉత్సవానికి బయల్దేరతాం. ఫిబ్రవరి 9, 10, 11 గుణదల. 1924లో ఫాదర్ అర్లాటి గారు కొండ మీద లూర్దు మాత స్వరూపం నిలిపిన నాటి నుంచి ఈ డెల్టాలో పుట్టిన బిడ్డ ఏ మతం వాడైనా ఆ మెట్లు ఎక్కకుండా పెరగలేదంటే పెద్ద అతిశయోక్తి కాదు. అవి సరిగ్గా మినుము తీసే రోజులు. తలనీలాల మొక్కు ఉన్న తల్లి ఒక పూట కూలి పోగొట్టుకునే కొండకి వస్తుంది. తర్వాత విభూతి బుధవారం, తపస్సు కాలం, శుక్రవారాలు నీచు లేని వంట, సాయంత్రం సిలువ మార్గం. పొద్దుటంతా మినుప చేలో వంగిన నడుంతోనే సాయంత్రం పద్నాలుగు స్థలాల దగ్గరా మోకాళ్లూనాలి. ఆ శుక్రవారాల్లో మనసు ప్రార్థన మీద నిలవాలంటే కష్టం, నడుం నిలవనివ్వదు. మే నెలలో వణకమాసం. సెలవులకి అమ్మమ్మగారింటికి వచ్చిన పిల్లల్ని కూడా పోగుచేసి మరియమ్మ గారికి పూలు పెట్టించాలి.

రోజువారీ సంగతి దీనికంటే చిన్నది, దీనికంటే బరువైనది. రాత్రి జపమాల. ఆయన పొలం నుంచి వచ్చి గోడకి చేరగిలబడతారు, మొదటి పదికి గట్టిగానే పలుకుతారు, మూడోదానికి గొంతు సన్నబడుతుంది. పిల్లలున్నప్పుడు ఒకళ్ల కాలు ఒకళ్లు గిల్లుకునేవాళ్లు. ఐదో దేవరహస్యానికి ఇంట్లో మెలకువగా మిగిలేది నేనూ, పొయ్యి మీద పప్పూ. అయినా మానలేదు. మానితే ఏమవుతుందని అమ్మాయి ఓసారి అడిగింది. ‘ఏమీ అవదు, రేపు మళ్లీ మొదలుపెట్టడం కష్టమవుతుంది’ అన్నాను. ఇప్పటికీ అంతకంటే మంచి జవాబు నాకు తోచలేదు.

పిల్లల ప్రశ్నల దగ్గర కాస్త ఆగాలి. ఈ ఉత్తరం రాయించింది అవే. మా వీధిలో ఆర్.సి.ఎం. ఇళ్లు నాలుగైతే, పక్కనే పెంతెకొస్తు మందిరం, ఆ పైన సి.ఎస్.ఐ. వాళ్లు, ఎదురుగా రామాలయం. అందరం ఒకళ్ల పెళ్లికి ఒకళ్లం వెళ్తాం, పప్పన్నాలు తింటాం, అందులో ఏ లోటూ లేదు. కానీ మా అమ్మాయి చిన్నప్పుడు బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి దించకముందే అడిగేది: ‘అమ్మా, మేరీమాత బొమ్మకి దండ వేస్తే విగ్రహారాధనంట కదా?’ ఇంకోరోజు: ‘వాళ్లమ్మ బొట్టు తీసేసింది, తాళి తీసేసింది, నువ్వెందుకు తియ్యలేదు?’ మరోరోజు: ‘ఊహ తెలియకముందు ఇచ్చిన జ్ఞానస్నానం చెల్లదంట. నాకు మళ్లీ కాలవలో ఇప్పిస్తావా?’

అప్పటికప్పుడు జవాబు చెప్పాలి. దోసె మాడిపోతూ ఉంటుంది. దండ గురించైతే, ‘మీ తాతయ్య ఫోటోకి వేస్తాం కదే, తాతయ్యని దేవుడనుకున్నామా?’ అన్నాను. బొట్టుకి, ‘నా తాళికి సిలువ కూడా ఉంది, చూడు. మీ నాన్నా ఉన్నారు, యేసుప్రభువూ ఉన్నాడు’ అన్నాను. జ్ఞానస్నానం దగ్గర, ‘నీకు పేరు నిన్నడిగి పెట్టానా? పాలు నిన్నడిగి పట్టానా?’ అన్నాను. ఆ పూటకి పిల్ల ఊరుకుంది. నా జవాబులు సరైనవేనా, సగం సరైనవా, ఎవరైనా దిద్దారా అంటే లేదు. గురువిద్యాలయంలో ఏళ్ల తరబడి తత్వశాస్త్రం, వేదశాస్త్రం చదివి వచ్చిన ఫాదర్ గారిని ఈ ప్రశ్నలు పెద్దగా ఎవరూ అడగరు. నన్ను రోజూ అడుగుతారు. చదువు ఒకచోట, పరీక్ష ఇంకోచోట!

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఎమ్మార్వో ఆఫీసు అరుగు మీద వస్తుంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా మన దళిత క్రైస్తవుల్ని ఎస్సీల పట్టికలోంచి బయట పెట్టింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని లోపలికి తీసుకున్నారు, మనల్ని తీసుకోలేదు. మన రాష్ట్రంలో బీసీ-సి కింద ఒక్క శాతం మిగిలింది. 2023 మార్చిలో మనల్నీ చేర్చమని శాసనసభ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. మన సభ ఏటా ఆగస్టు 10న నిరసన దినం పాటిస్తోంది. అదంతా పెద్దల స్థాయిలో జరగవలసిన పోరాటం, జరగనీయండి. కాలేజీ దరఖాస్తు చేతిలో పట్టుకుని ‘అమ్మా, మతం దగ్గర ఏం రాయను?’ అని పిల్లాడు అడిగేది మాత్రం తల్లినే. అబద్ధ సాక్ష్యం పలకరాదన్న ఎనిమిదో ఆజ్ఞ వాడికి కంఠతా పట్టించింది ఆవిడే కదా. ఆ నిమిషంలో ఆవిడ పక్కన సభ తరఫున ఎవరుంటున్నారు?

మా అత్తగారు చెప్పేవారు. ఆవిడ చిన్నతనంలో ఫాదర్ గారు ఊరికి నెలకోసారో, రెండు నెలలకోసారో వచ్చేవారట. మిలాను నుంచి వచ్చిన పీమే సభ గురువులు, ఒక్కొక్కరికి పదుల కొద్దీ ఊళ్లు. 1937లో బెజవాడ మేత్రాసనం ఏర్పడే నాటికీ, ఆ తర్వాత చాలాకాలమూ, ఊళ్లో విశ్వాసం నిలిపింది ఉపదేశులే. ఆదివారం జపాలు చెప్పించేది, పెళ్లికి ముందు ప్రార్థనలు నేర్పేది, చావుబతుకుల్లో ఉన్నవాళ్ల దగ్గర కూర్చునేది ఆ ఊరి ఉపదేశే. ఆయనకి మిషను వాళ్లిచ్చే కొద్దిపాటి జీతం. ‘మరి ఆడవాళ్లకి ఎవరు నేర్పేవారు అత్తయ్యా?’ అని అడిగాను. ‘ఆయన భార్య. సాయంత్రం మమ్మల్నందరినీ చింతచెట్టు కింద కూర్చోబెట్టి మంగళవార్త జపం ఆవిడే నేర్పింది’ అన్నారు. ఆవిడ పేరేమిటంటే అత్తగారు చాలాసేపు ఆలోచించారు. ఉపదేశి గారి పేరు చెప్పారు. ఆవిడది గుర్తురాలేదు.

సభ చట్టం మాత్రం ఆడవాళ్లని నమ్మింది. నమ్మిన సంగతి మాకు ఎవరూ చెప్పరు, అంతే. మన లతీను సంప్రదాయంలో వివాహ సంస్కారాన్ని ఒకరికొకరు ఇచ్చుకునేది వధూవరులే, గురువు సభ తరఫున సాక్షి. అంటే పెళ్లి పీటల మీద కూర్చున్న పిల్ల ఆ పూట ఒక దివ్యసంస్కారాన్ని ఇస్తోంది. పుట్టిన బిడ్డ ప్రాణం పోయేలా ఉండి, గురువు అందుబాటులో లేకపోతే, మంత్రసాని అయినా, తల్లి అయినా నీళ్లు పోసి త్రిత్వ నామమున జ్ఞానస్నానం ఇవ్వొచ్చు, అది చెల్లుతుంది. బిడ్డల్ని మాటతో, నడతతో విశ్వాసంలో పెంచే బాధ్యత అందరికంటే ముందు తల్లిదండ్రులదేనని చట్టంలో రాసే ఉంది. రెండో వాటికన్ మహాసభ 1964లో కుటుంబాన్ని గృహసంఘం అన్నది. ఆపదలో మమ్మల్ని నమ్మిన చట్టం మామూలు రోజుల్లో కూడా నమ్మాలనే నేను అడుగుతున్నది.

పునీతుల సంగతి ఎత్తితే తమరు నవ్వుతారేమో. మన దేశం నుంచి సభ పునీతులుగా ప్రకటించిన స్త్రీలని తీసుకోండి. అల్ఫోన్సమ్మ, యూఫ్రేసియమ్మ, మరియం త్రేసియా, కలకత్తా తెరేసమ్మ. అందరూ మఠకన్యలే. వాళ్ల పాదాలకి నమస్కారం. కానీ అత్తగారి మందులు, ఆయన అప్పులు, పిల్లల ఫీజుల మధ్య పునీతురాలైన భారతీయ ఇల్లాలు ఒక్కరూ పీఠం మీదికి ఎక్కలేదు. మా తంబి గారు కూడా పెళ్లీ పిల్లలూ లేకుండా, ఫ్రాన్సిస్కన్ మూడో సభ వస్త్రంతో తిరిగిన మనిషి. మగవాళ్లలో అయితే దేవసహాయం పిళ్లై గారు 2022లో పునీతులయ్యారు, ఆయన గృహస్థు. ఆడవాళ్ల వంతు ఇంకా రావాలి.

రావడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు, కృష్ణ దాటితే చాలు. ఫిరంగిపురం జ్ఞానమ్మ గారు 1822లో పుట్టారు. పెళ్లి చేసుకున్నారు, ఐదుగురు కొడుకుల్ని కన్నారు, పెంచారు. భర్త పోయాక మద్రాసు వైపు తెలుగు కతోలికులున్న కీలచ్చేరి చేరారు. వితంతువు ఇల్లు కదలడమే తప్పనుకునే రోజులవి. ఆడపిల్లకి పలక ఇవ్వడం అంతకంటే తప్పు. 1863లో అక్కడే ఆడపిల్లలకి బడి పెట్టారు. 1874 డిసెంబరులో కన్నుమూశారు. ఆవిడ వేసిన బాటలోంచే మద్రాసులోనూ, ఫిరంగిపురంలోనూ పునీత అన్నమ్మ గారి పేరిట రెండు మఠకన్యల సభలు ఎదిగాయి. 2014లో ఆవిడని దైవసేవకురాలిగా పిలవడం మొదలైంది.

ఆవిడ గురించి విన్నప్పుడల్లా నాకొక చిన్న కోపం. కథ ఎప్పుడూ భర్త పోయిన తర్వాతే మొదలుపెడతారు. ముందరి ఏళ్లు ఒక్క వాక్యం: ‘వివాహమాడి ఐదుగురు కుమారులను కనెను.’ ఐదుగురు మగపిల్లలున్న ఇంట్లో రోజూ ఏం జరుగుతుందో ఆ వాక్యం రాసినవారికి తెలుసా? కీలచ్చేరిలో ఎవరి పిల్లల్నో కూర్చోబెట్టి ఓపికగా అక్షరాలు దిద్దించిన చెయ్యి ఆ ఐదుగురి దగ్గరే కదా తయారైంది. ఆవిడని మఠ స్థాపకురాలిగా మాత్రమే కాకుండా భార్యగా, తల్లిగా కూడా మా ముందుకి తీసుకురండి. ఆ సభల పేరులో ఉన్న అన్నమ్మ గారు కూడా దేవమాతని కని పెంచిన ఇల్లాలే మరి.

అదే కాలంలో ఫ్రాన్సులో జెలీ మార్టిన్ అనే ఆవిడ ఉండేది. 1877లో పోయింది, జ్ఞానమ్మ గారి తర్వాత మూడేళ్లకి. తొమ్మిదిమందిని కన్నది, నలుగురు చిన్నతనంలోనే పోయారు. మిగిలిన ఐదుగురిని పెంచుతూ లేసు వ్యాపారం నడిపింది. ఆ ఐదుగురిలో చిన్నదే మన చిన్న తెరేజమ్మ. తెరేజమ్మ స్వరూపం చేతిలో గులాబీలతో మన గుళ్లలో ఎన్నిచోట్ల ఉందో తమరికి తెలుసు. ఆ పిల్లని కన్నతల్లి బొమ్మ నేను ఒక్కచోటా చూడలేదు. 2015లో భర్త లూయీతో కలిపి ఇద్దర్నీ పునీతులుగా ప్రకటించాక కూడా.

లేసు అన్నాను కాబట్టి ఒక మాట. మా పిన్నిది నరసాపురం వైపు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద కూర్చుని లేసు అల్లేది. మిషనరీలు పోయిన శతాబ్దానికి ముందరే నేర్పిపోయిన పని అది, సరుకు విదేశాలకి పోయేది. మా అమ్మాయి చదువులో భాగంగా మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో ఆ నరసాపురం ఆడవాళ్ల మీదే రాసిన పుస్తకం చదివింది. అందులో సారం నాకు ఇలా చెప్పింది: గంటల తరబడి అల్లుతున్నా వాళ్లని పనివాళ్లుగా ఎవరూ లెక్కవెయ్యలేదు. ఇంట్లో ఉండే ఆడవాళ్లు, తీరిక వేళ ఏదో చేసుకుంటున్నారు అన్నారు. అలా అనబట్టే కూలి అంత తక్కువగా ఉంచడం షావుకార్లకి కుదిరింది. వినగానే పిన్ని గుర్తొచ్చింది, వెంటనే నా ఆదివారపు సత్యోపదేశం తరగతి గుర్తొచ్చింది. తమరిని షావుకార్లతో పోల్చడం లేదు, మన్నించాలి. మాకు డబ్బు వద్దు. కానీ ‘తల్లులు ఎలాగూ చేస్తారు’ అన్న మాట మన గుళ్లలో కూడా వినిపిస్తుంది.

ఇక చెప్పడానికి ఇబ్బందిగా ఉన్న సంగతి. ఆగస్టు 27 మోనికమ్మ గారి పండుగ. ఏటా ఆ వారం ప్రసంగంలో ఆవిడ ఓర్పు గురించి వింటాం. భర్త కోపిష్ఠి అయినా సహించింది, కొడుకు దారితప్పినా ఏళ్ల తరబడి కన్నీళ్లతో ప్రార్థించింది, చివరికి ఇద్దరూ మారారు. నిజమే, ఆ కొడుకే అగుస్తీను గారు. కానీ ఆ ప్రసంగం వింటున్న బల్లల్లో ముందురోజు రాత్రి దెబ్బలు తిని వచ్చిన మనిషి కూర్చుని ఉండొచ్చు. జాకెట్టు చెయ్యి పొడుగ్గా కుట్టమని నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో కొందరు ఎందుకు అడుగుతారో నేను కుట్టేటప్పుడే గ్రహిస్తాను. కొలత తీసుకుంటుంటే తెలుస్తుంది. ఆ మనిషికి ఓర్పు ఒక్కటే చెబితే ఆవిడ గుడికి రావడం మానదు, చెప్పుకోవడం మానేస్తుంది. భారత కతోలిక మేత్రాణుల సమాఖ్య 2010లోనే స్త్రీ పురుష సమానత్వం మీద ఒక విధానపత్రం తెచ్చింది. ఆ పత్రం మా ఊళ్లో ఎవరి చేతిలో ఉండాలి? పాపసంకీర్తనంలో ఫాదర్ గారితో చెప్పుకోవడానికి ఆవిడకి నోరు రాదు. చెప్పినా అది ఆ తెర దాటకూడదు. సభ తరఫున మాట్లాడే అధికారం ఉన్న ఇంకో ఆడమనిషి నాలుగిళ్ల అవతల ఉంటే ముందు అక్కడికి వెళ్తుంది. అవసరమైతే ఇద్దరూ కలిసి పోలీసు స్టేషనుకి వెళ్తారు. ఓర్పు గురించి మోనికమ్మ గారు నేర్పిన పాఠం ఉంది, దాన్ని దారితప్పిన కొడుకుల విషయంలో వాడుకుందాం. దెబ్బల విషయంలో వద్దు.

మా ఆయనకి ఈ ఉత్తరం చదివి వినిపించాను. ‘తల్లికి పత్రమేంటే? ఊరందరికీ తెలుసు కదా నువ్వు చెబుతున్నావని’ అన్నారు. ‘పొలం పండించేది మీరేనని కూడా ఊరందరికీ తెలుసు. మరి కౌలు కార్డు కోసం అన్నిసార్లు ఎందుకు తిరిగారండీ?’ అన్నాను. ఆయన మాట్లాడలేదు. కార్డు లేక ఒక ఏడు పంట రుణం ఎలా పోయిందో ఆయనకి బాగా తెలుసు.

మాలో కొందరు భయపడతారు కూడా. పత్రం ఇస్తే ఇంకో నాలుగు పనులు నెత్తిన పెడతారు, ఇప్పటికే నిద్ర చాలడం లేదు అంటారు. వాళ్ల భయం న్యాయమైనదే. అందుకని పత్రం ఇచ్చేటప్పుడే భర్తల్ని కూడా పిలిపించండి. ఆమె చదువుకోవడానికి వెళ్లే పూట ఇంట్లో అన్నం ఎవరు వండుతారో అందరి ముందూ అడగండి. 2016 నుంచి పెద్ద గురువారం నాడు ఆడవాళ్ల పాదాలు కూడా కడగవచ్చని రోము చెప్పింది. పాదాలు కడగడం వరకూ వచ్చాం కాబట్టి అంట్లు కడగడం మరీ దూరమేమీ కాదు. ఈ మాట ప్రసంగంలో తమరు చెబితే వింటారు, నేను చెబితే వినరు.

చదువు ఎలా ఉండాలని అడిగితే, నాకు తోచింది ఇది. పరిశుద్ధ గ్రంథం ఎలా చదవాలి, ఇతర సంఘాలవాళ్లతో పోట్లాడకుండా మన మాట ఎలా చెప్పాలి, దివ్యసంస్కారాల గురించి సభ చట్టం ఏమంటుంది, ఎస్సీ సర్టిఫికెట్ విషయంలో పిల్లలకి నిజాయితీగా ఏం చెప్పాలి, గృహహింస కేసులో ఎక్కడికి వెళ్లాలి. పాఠాలు చెప్పేవాళ్లలో సగమైనా పెళ్లయిన ఆడవాళ్లు ఉండాలి. సిస్టర్లకి తెలియదని కాదు. ఇంట్లో పసిబిడ్డ ఏడుస్తుండగా జపమాల ముగించడం గురించి వాళ్ల దగ్గర నేర్చుకోలేం. చదివిన తర్వాత పరీక్ష పెట్టండి, తప్పితే తప్పామని చెప్పండి. ఊరికే గౌరవానికి ఇచ్చే శాలువా మాకొద్దు.

వీలైతే వచ్చే ఫిబ్రవరిలో, గుణదలకి లక్షలమంది వచ్చే ఆ మూడు రోజుల్లో ఒక పూట, జ్ఞానమ్మ గారి కథ మైకులో చెప్పించండి. ఐదుగురు కొడుకుల దగ్గర మొదలుపెట్టమనండి.

తరగతులు ఎప్పుడు పెట్టాలన్నది కూడా రాసేస్తాను, లేకపోతే ఎవరో సాయంత్రం ఆరింటికి పెట్టేస్తారు. పిల్లలు బడికి పోయాక పదింటి నుంచి పన్నెండు దాకా అయితే వస్తాం. నాట్లలో, మినుము తీతల్లో వద్దు. శనివారం అసలే వద్దు, ఆ రోజు మాలో సగంమంది గుణదల కొండ మీద ఉంటారు. మంగళవారం బావుంటుంది. బస్సు చార్జీలు మేం పెట్టుకుంటాం.

చిత్తగించవలెను.

ఇట్లు
తమ విధేయురాలు,
ఒక కతోలిక ఇల్లాలు,
కంకిపాడు, కృష్ణా జిల్లా